ఇంకొకరికి చోటుంది

కండక్టరు మావయ్యకు ఒకే ఒక్క పిచ్చి. చలిలో పరుగుకు బయలుదేరాడంటే బీరువా మొత్తం ఒంటి మీదికి ఎక్కాల్సిందే. పోయినేటి చలికాలం పోతూ పోతూ ఈ పిచ్చిని ఆయనకు అంటించి పోయింది. రిటైరై బస్సు దిగి ఏళ్లయినా ఆయన లెక్కలో తన ఒళ్లు కూడా బస్సే. నాలుగో స్వెటరులో తల ఇరుక్కుని గింజుకుంటూ కూడా, "సర్దుకోండి, సర్దుకోండి, ఇంకొకరికి చోటుంది" అనేవాడు.

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మేనకోడలు రోజూ పొద్దున్నే ఆయనతో పరిగెత్తేది. నవ్వులపాలయ్యేదీ ఆవిడే. ఆయన వస్తున్నాడో పోతున్నాడో తేల్చుకోలేక వీధికుక్కలు మొరగడమే మానేశాయి.

"పల్చటి చొక్కా చాలు మావయ్యా! బయలుదేరేటప్పుడు కాస్త వణికితేనే అవి సరైన బట్టలు. ఇన్ని తొడుక్కుంటే చెమట పట్టి, ఆ తడికే చలి పట్టుకుంటుంది."

"అలాగా!" అని శ్రద్ధగా విని, ఇంకో మఫ్లరు చుట్టుకునేవాడు.

పోయినేడు ఆసుపత్రుల పరుగు పందెంలో ఆమెకు సగం దారిలో పిక్క పట్టేసింది. ఆమె ఆగిపోవడంతో జట్టు మొత్తం ఓడినట్టే అయింది. ఈసారి ఎలాగైనా గీత దాటి తీరాలి. అందుకే ముందురోజే మావయ్యను హెచ్చరించింది.

"రేపు ఒక్క చొక్కాతో అయితేనే రా. నా పరువు తీయకు."

పొద్దున చూస్తే మావయ్య గుమ్మంలో పట్టడం లేదు. అత్తయ్య వెనక నుంచి తోస్తోంది.

"ఆ ఆకుపచ్చ స్వెటరు మీకు మోచేతులు కూడా దాటట్లేదు. ఎందుకండీ అది?"

"పోనీలేవే, నిలబడి వస్తుంది."

మైదానంలో మేనకోడలు ఆయన్ను ఎరగనట్టే దూరంగా నిలబడింది. అంతలో మైకులో కబురొచ్చింది. జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఇంకా ఇల్లే కదల్లేదట. చలిగాలి మొదలైంది. అందరూ పరిగెత్తడానికి తొడుక్కొచ్చారు గానీ, నిలబడడానికి ఎవరూ తొడుక్కురాలేదు. జట్టంతా గజగజ వణికింది. ఆమె పిక్కల్లో పోయినేటి బిగింపే మళ్లీ మొదలైంది. ఈసారీ ఇంతేనా అని భయమేసింది.

"దిగేవాళ్లు దిగండి!" అని కేక వినబడింది.

మావయ్య విప్పసాగాడు. పెద్ద కోటు లావుపాటి డాక్టరుగారికి, పొట్టి స్వెటరు మందులిచ్చే ఆవిడకి, ఇలా ఎవరిది వాళ్లకి కొలత తీసినట్టు సరిపోయింది. ఆకుపచ్చది మేనకోడలికి. మీద అత్తయ్య శాలువా కప్పి, మఫ్లర్లు రెండూ ఆమె పిక్కలకు చుట్టాడు. చివరికి ఆయన ఒంటిమీద పల్చటి చొక్కా ఒకటే మిగిలింది.

"నువ్వు చెప్పినట్టే ఒక్క చొక్కాతో వచ్చానే అమ్మడూ. మిగతావాళ్లంతా ప్రయాణికులు."

"సంచిలో తేవచ్చుగా మావయ్యా!"

"సంచిలో తెస్తే చల్లగా ఉంటాయే. ఇప్పుడు చూడు, ఎంత వెచ్చగా ఉన్నాయో! పోయినేడు నీ పిక్క బిగుసుకోవడం మొదలైంది పరుగులో కాదు, ఇదిగో, ఇలా జెండా కోసం చలిలో నిలబడ్డప్పుడే. అందుకే ఏడాదిగా ఇవన్నీ మొయ్యడం సాధన చేస్తున్నా."

జెండా లేచింది. బట్టలన్నీ మళ్లీ మావయ్య మీదికి ఎక్కాయి. మేనకోడలు పరిగెత్తింది, ఎక్కడా ఆగకుండా గీత దాటింది. అక్కడ కాచుకుని ఉన్న మావయ్య మళ్లీ అందరినీ దించాడు. చెమటతో వచ్చిన జట్టంతా వెచ్చబడింది. ఆయన పళ్లు మాత్రం టకటకమంటున్నాయి.

"చలేస్తోందా మావయ్యా?"

"నాకా? ఛ ఛ! ఖాళీ బండి కదా, కాస్త చప్పుడు చేస్తుంది."

ఆమె శాలువా ఒక కొస ఎత్తి పట్టుకుంది.

"సర్దుకో మావయ్యా, ఇంకొకరికి చోటుంది."