మాస్టారి జతలు

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని మొన్న పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చూశాను. నిమిషాల్లో అందరూ దండాలు పెట్టేశారు. ఆయన బతికుండగా ఎదురొస్తే సందులోకి తప్పుకున్నవాళ్ళే అందరూ. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద ఆయన ట్యూషన్. సమ్మేళనాల పేర్లు అంత తేటగా చెప్పినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. "లోహం ఉంటే మోనో, డై అంటూ లెక్కపెట్టకు. రెండూ అలోహాలైతే లెక్క వదలకు" అనేవారు. సుద్ద అంటిన చేతులు చొక్కాకే తుడుచుకునేవారు.

ఆయనకో పద్ధతి ఉండేది. బాగా చదివేవాళ్ళు లోహాలు, ముందు బెంచీ. మొద్దులు అలోహాలు, వెనక బెంచీ. ఒక్కో లోహానికి ఒక అలోహం జత. వెనకవాళ్ళు తప్పు చెబితే ముందువాళ్ళ చేతి మీద స్కేలు పడేది. "బంధం కుదిరాక ఇద్దరూ ఒకటేరా" అని నవ్వేవారు కూడా.

నేను అలోహాన్ని. నా జత మా వీధి పిల్లే. వాళ్ళ మగ్గం, మా మగ్గం పక్కపక్కనే. ఇద్దరం ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. బోర్డు మీద సోడియం ఆక్సైడ్ ఫార్ములా రాసి పేరడిగితే డైసోడియం ఆక్సైడ్ అన్నాను. దెబ్బ దాని చేతి మీద పడింది. హైడ్రోజన్ క్లోరైడ్ నీళ్ళలో కరిగాక ఏమంటారని అడిగితే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అనడానికి నోరు తిరగక హైడ్రోజన్ క్లోరైడే అన్నాను. మళ్ళీ దానికే దెబ్బ.

"నా పక్కన కూచోకే తల్లీ, నీకో దణ్ణం" అంది బస్సులో. కొన్నాళ్ళకు చదువే మానేసి మగ్గమెక్కింది.

"ఒక లోహం తుప్పు పట్టింది" అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. ఖాళీ అయిన ఆ చోటులోకి నన్ను మార్చారు. ఇక దెబ్బలు నా చేతికే. ఆ భయంతోనే, వెనకవాళ్ళకు నేర్పడానికైనా పేర్లన్నీ నేర్చుకున్నాను. ఇవాళ హనుమాన్ జంక్షన్‌లో కెమిస్ట్రీ చెప్పుకుని బతుకుతున్నాను. ఈ తిండి ఆయన పెట్టిందే, కాదనను.

మొన్న మాస్టారింటికి వెళ్ళేసరికి బంతిపూల దండ పట్టుకుని నా పాత జత అక్కడుంది.

"బావున్నావా? లెక్చరర్‌వంట కదే" అంది.

"నువ్వూ వచ్చావా! దండ తెచ్చావుగా, వెయ్యి."

ఆమె ఆయన ముఖం కేసి కాసేపు చూసింది.

"నిజంగా పోయాడో లేదో చూద్దామని వచ్చానే. ఉత్త చేతులతో వస్తే బావుండదని ఇది తెచ్చాను." దండ నా చేతుల్లో పెట్టింది. "నువ్వెయ్యి. గురువు నీకు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"కానివ్వండి మేడమ్, వెనకాల జనం ఆగారు" అన్నారెవరో. తడి దండ పట్టుకుని ఆయన తల దగ్గర అలాగే నిలబడ్డాను.