హనుమాన్ జంక్షన్ దాకా బతికిన తమ్ముడు

విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే బస్సులో అన్నదమ్ముల సినిమా వేశారు. తమ్ముడు యుద్ధానికి బయలుదేరుతుంటే అన్న రైలు వెంట పరుగెడుతున్నాడు. నా పక్కనున్న పెద్దాయన కళ్లార్పకుండా చూస్తున్నారు.

"ఈ బస్సులోనే మూడుసార్లు చూశానండి. మా తమ్ముడూ మిలిటరీయే. యుద్ధానికెళ్లినవాడు మళ్లీ రాలేదు" అన్నారు.

ఆ సినిమా నేను ముందే చూశాను. "చివర్లో..." అనబోయాను.

ఆయన చప్పున నా మోచెయ్యి పట్టుకున్నారు. "చెప్పకండి బాబూ. నేను జంక్షన్‌లో దిగిపోతానుగా. అప్పటికి వీడింకా బతికే ఉంటాడు."

హనుమాన్ జంక్షన్ రాగానే తువ్వాలు భుజాన వేసుకుని, తెర వైపు మరోసారి చూసి దిగారు. వీడియో ఆపమని కండక్టర్‌ని అడిగాను.

"అసలు కథ ఇప్పుడే కదండీ!" అని నవ్వాడు.

మిగతా దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ సినిమా ముగింపు ఎవరైనా అడిగితే, నేనూ జంక్షన్‌లోనే దిగిపోయానని చెబుతాను.