బేసి సంఖ్యల ముచ్చట

గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీ స్టోర్‌లో పని చేస్తాను. ఏడో తరగతితో చదువు ఆగినా లెక్కల పిచ్చి ఆగలేదు. ఒకసారి డ్రమ్ములు చదరంగా పేరుస్తుంటే ఒక సంగతి తోచింది. ఒకటి, మూడు, ఐదు, ఏడు, ఈ నాలుగు బేసి సంఖ్యలు కలిపితే నాలుగు నాలుగులు పదహారు. ఒకటి నుంచి వరుసగా ఎన్ని బేసి సంఖ్యలు కలిపినా, ఆ ‘ఎన్ని’ని దానితోనే గుణించినంత వస్తుంది. నేనే కనిపెట్టాననుకున్నాను.

తోటివాళ్లకు చెబితే, “దీంతోని జీతం పెరుగుతదా అన్నా?” అన్నారు. కిరాయి గదిలో వినడానికి ఎవరూ లేరు.

పోయిన చలికాలం పటాన్‌చెరులో శాస్త్రవేత్తలు తమ పరిశోధనల గురించి జనానికి చెప్పే సభ జరిగింది. ఒకరు నేల గురించి, ఒకరు పురుగుల గురించి, ఒకరు నక్షత్రాల గురించి మాట్లాడారు. ప్రశ్నలు అడగమనగానే లేచి నా సంగతి చెప్పాను.

నక్షత్రాలాయన, “బాగుంది. కానీ ఇది ఎనిమిదో తరగతి పుస్తకంలోనే ఉందండీ” అన్నారు. హాలంతా నవ్వింది. తల దించుకొని బయటికి నడిచాను.

నేల గురించి చెప్పినామె నా వెనకాలే వచ్చింది. “అన్నా, జెర ఆగు. పుస్తకం సూడకుండ నీకెట్ల దొరికింది గది?”

అక్కడ టీతో పాటు పెట్టిన గుగ్గిళ్లను బల్ల మీద చదరంగా పేర్చి, కుడి పక్కనా కిందా కలిపి కొత్త వరుస చేర్చినప్పుడల్లా తర్వాతి బేసి సంఖ్య ఎలా పడుతుందో చూపించాను. చేతిలో టీ చల్లారినా ఆమె కదలకుండా విన్నది.

ఆ నవ్వులు ఎప్పుడో మరిచిపోయాను. ఎట్ల దొరికిందని మాత్రం అంతకుముందు నన్నెవరూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.