పెదనాన్న నోట్లో ప్లాస్టరు

పళ్ళ డాక్టరు చదువులో మూడేళ్ళు గడిపాక నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఒక పాస్టరుగారి నోరు కట్టెయ్యడం. అది కూడా సాయంత్రం నాలుగింటికి ఆయన ఒక పెళ్ళి జరిపించవలసిన రోజున. ఆయన పరాయివాడైనా బాగుండేది, నాలుగు తిట్లు తిని ఊరు దాటేవాణ్ణి. ఆయన మా నాన్నకు స్వయానా అన్నగారు. జగ్గయ్యపేటలో మొదలై నందిగామలో ముగిసిన ఆ కథను అక్కడివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. వాళ్ళు చెప్పే కథలో నేను మరీ వెధవలా కనిపిస్తానట. అందుకని అసలు సంగతి నేనే చెబుతున్నాను. అంతా విన్నాక మీకూ అలాగే కనిపిస్తే ఇక నేను చేయగలిగింది లేదు.

అరవైలు అప్పుడే మొదలైన రోజులు. పళ్ళ కోసం వేరే డాక్టరు ఉంటాడని, ఆ పని కోసం ఏళ్ళ తరబడి చదువుతాడని చెబితే మా వైపు నమ్మేవాళ్ళు తక్కువ. నేను హైదరాబాదులో ఆ చదువులో చేరానని తెలిసి మా వీధి పెద్దాయన ఒకరు, పన్ను పీకడానికి పటకారు చాలదా, కాలేజీ ఎందుకని అడిగారు. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళూ నాకూ ఆ అనుమానమే. మాచేత పళ్ళు పీకించడం మాట అటుంచండి, రోగి నోట్లోకి తొంగి చూడనైనా చూడనివ్వలేదు. సబ్బు బిళ్ళలిచ్చి పళ్ళు చెక్కమన్నారు. సబ్బులో చెయ్యి కుదిరాక మైనం ముద్దలిచ్చి మళ్ళీ మొదటినుంచీ చెక్కమన్నారు. ఏ పంటికి ఎన్ని వేళ్ళు, ఏ వేరు ఎటు వంగుతుంది, ఏ పన్ను ఎక్కడ లావు, ఎక్కడ సన్నం, అన్నీ కంఠతా పట్టించారు. హాస్టల్లో నా గది చూసినవాళ్ళు ఎవరో శిల్పి ఉంటున్నాడనుకునేవారు. స్నానానికి మాత్రం సబ్బు దొరికేది కాదు. ఉన్నదంతా దంతాలైపోయేది.

మూడో ఏడు నోటి కొలత తీయడం నేర్పారు. కట్టుడు పళ్ళు చేయాలంటే ముందు చిగుళ్ళకూ అంగిలికీ అచ్చు తీయాలి. కాడ ఉన్న చిన్న లోహపు పళ్ళెంలో తెల్లటి ప్లాస్టరు పొడిని నీళ్ళతో దోసెల పిండిలా కలిపి పోసి, మనిషి నోట్లో పెట్టి, పైకి అదిమి పట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో అది గట్టిపడుతుంది. నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. పళ్ళన్నీ ఊడిపోయిన ఒక తాతను కూర్చోబెట్టి మా మాస్టారు నాచేత ఆ పని చేయించారు. అచ్చు మొదటిసారే శుభ్రంగా దిగింది. మాస్టారు బాగుందన్నారు. ఆ ఒక్క మాటతో నేను పాడైపోయాను. ఒకటో రెండో పళ్ళు మిగిలిన నోళ్ళు కూడా లోకంలో ఉంటాయని, వాటికి అచ్చు తీసే పద్ధతి వేరని ఆయన మర్నాడు చెప్పారట. మర్నాడు ఆ సమయానికి నేను సినిమాహాల్లో ఉన్నాను.

ఇక మా పెదనాన్న. జగ్గయ్యపేటలో ఆయన్ని అందరూ అయ్యగారనేవారు. ఆరడుగుల మనిషి, మైకు అక్కర్లేని గొంతు. ప్రసంగం మొదలుపెడితే గంటన్నర. ఆదామును ఏదెను తోటలోంచి బయటికి తెచ్చేసరికే ముందు వరస పిల్లలు నిద్రపోయేవారు. అలాంటి మనిషికి పైపళ్ళన్నీ ఊడిపోయి, ఎడమవైపు కోరపన్ను ఒక్కటి మిగిలింది. మాటలు ఆ సందుల్లోంచి జారిపోతున్నాయని ఆయన దిగులు. జంతికలను పెద్దమ్మ రోట్లో దంచి ఇస్తే తప్ప తినలేకపోతున్నానన్నది ఇంకో దిగులు. పళ్ళ కోసం హైదరాబాదు రమ్మంటే అంతదూరం రానన్నారు.

దసరా సెలవులకు వెళ్ళిన నేను ఛాతీ విరుచుకుని, కొలత ఇక్కడే తీస్తానని, దాన్ని కాలేజీకి పట్టుకెళ్ళి మాస్టారి సాయంతో పళ్ళు కట్టించి క్రిస్మస్‌కు తెస్తానని మాటిచ్చాను. పెద్దమ్మ ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా చెప్పింది. నాలుగిళ్ళవాళ్ళు వచ్చి నా చేతుల వంక భక్తిగా చూసి వెళ్ళారు.

రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ సెలవుల ఆఖరి రోజుదాకా వచ్చాం. మర్నాడు పొద్దున్నే నా ప్రయాణం. ఆ రోజు సాయంత్రం నందిగామలో ఏసోబు మేస్త్రి కూతురి పెళ్ళి. ఏసోబు తాపీమేస్త్రి. చిన్నప్పుడు ఆ పిల్లకు పేరు పెట్టింది పెదనాన్నే, పెళ్ళి కూడా ఆయనే చేయాలని మేస్త్రి పట్టుబట్టి ముహూర్తం కూడా ఆయన వీలు చూసుకునే పెట్టుకున్నాడు. పన్నెండు గంటల బస్సుకు బయల్దేరాలి. పదిన్నరకు నేను కాలేజీనుంచి తెచ్చుకున్న ప్లాస్టరు డబ్బా మూత తీశాను.

"ఎంతసేపు పడుద్దిరా?" అన్నారు పెదనాన్న.

"ఐదు నిమిషాలు. మీరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేలోపల అయిపోద్ది."

"ఆయన ప్రార్థనా? అయితే మీకు బస్సు అందదు," అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

అసలే ఆలస్యమైందని నేను ఒక చిటికెడు ఉప్పుకు బదులు రెండు వేశాను. పళ్ళెం నిండా పోసి, పెదనాన్న నోట్లో పెట్టి, గురువుగారిని తలచుకుని పైకి అదిమాను. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. పెదనాన్న కళ్ళు పెద్దవయ్యాయి. అలాగే ఉంటుంది, భయపడకండని ధైర్యం చెప్పాను. ఐదు నిమిషాలు కాగానే కాడ పట్టుకుని కిందికి లాగాను. పళ్ళెంతో పాటు తలకాయ కిందికి వచ్చింది. పైనుంచి లాగుదామని కుర్చీ ఎక్కాను. పెదనాన్న లేచి నిలబడ్డారు. ఆయన్ని కూర్చోబెట్టి ముందుకు లాగాను. ఈసారి కుర్చీతో సహా వచ్చారు.

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. కోరపన్ను నడుం దగ్గర లావు, చిగురు దగ్గర సన్నం. ప్లాస్టరు ఆ సన్నం చుట్టూ చేరి గట్టిపడింది. ఇక ఆ లావును దాటి బయటికి రాదు. ఈ సంగతి జగ్గయ్యపేటలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. పాతిక కోరపళ్ళు సబ్బులో చెక్కినవాణ్ణి మరి.

వేడినీళ్ళు పట్టించాం. నువ్వుల నూనె పోశాం. పెద్దమ్మ వెనకనుంచి ఆయన భుజాలు పట్టుకుంటే నేను ముందునుంచి లాగాను. ఊళ్ళో డాక్టరుగారి కోసం పరిగెత్తితే ఆయన పొద్దున్నే బెజవాడ వెళ్ళారన్నారు. తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ ఒక పక్క నన్ను తిడుతూనే ఇంకో పక్క ఇంటి సంగతులు ఏకరువు పెడుతోంది. పాతికేళ్ళ కాపురంలో ఆయన అడ్డుపడకుండా ఆవిడ నాలుగు మాటలు మాట్లాడడం అదే మొదటిసారి. ఆ కంగారులోనూ ఆవిడ మొహంలో కొంచెం తృప్తి కనిపించిందని నా అనుమానం. పెదనాన్న మాత్రం పెన్సిలు అందుకుని, ప్రసంగం రాసుకున్న కాగితం వెనక ఇలా రాశారు: "పెళ్ళి నాలుగింటికి. బస్సెక్కాలి." దాని కింద గీత గీసి ఇంకో మాట రాశారు. "నువ్వు కూడా."

పన్నెండు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆయన మూతికి కండువా చుట్టి ఒంటిగంటన్నర బస్సెక్కించాను. కండువాలోంచి పళ్ళెం కాడ రెండంగుళాలు బయటికి పొడుచుకొచ్చింది. ఆ రోడ్డున బస్సెక్కే ప్రతివాడూ ఆయనకు తెలిసినవాడే. వందనాలు అయ్యగారూ అని ఒకడు, పంటిపోటా అని ఒకడు, ఆ కాడేంటని ఇంకొకడు. అందరికీ నేనే జవాబు. పోటేనండి, మందు పెట్టామండి, మాట్లాడకూడదండి అని వరసగా అబద్ధాలు చెప్పాను. చిల్లకల్లులో ఎక్కిన ఒక అవ్వ తన కోడలికి నెలలు నిండాయని, నీళ్ళాడే రోజులని, ప్రార్థన చేయమని తల వంచింది. పెదనాన్న ఆమె తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఒక నిమిషం తర్వాత తెరిచారు. అయ్యగారి ప్రార్థన ఇంత తొందరగా అయిపోతుందనుకోలేదని అవ్వ ఆనందపడింది. నాకు ఏడుపొకటే తక్కువ. నాలుగింటికి ఈ మనిషి నోరు తెరిచి ప్రమాణాలు చెప్పించకపోతే ఆ పిల్ల పెళ్ళి ఆగిపోతుంది, కారణం నేను. బస్సు నందిగామ చేరేదాకా నా తలలో ఇంకో ఆలోచన లేదు.

మేం దిగేసరికి మూడు కావస్తోంది. ఏసోబు మేస్త్రి కొత్త పంచె కట్టుకుని పందిట్లోంచి ఎదురొచ్చాడు. లోపల తెల్లచీర కట్టుకుని పెళ్ళికూతురు తయారుగా ఉంది. మగపెళ్ళివారు అప్పటికే బల్లలమీద కూర్చున్నారు. నేను మేస్త్రిని పక్కకు పిలిచి, తల వంచుకుని, జరిగింది చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు లేదు. కూతురి వంక ఒకసారి, పెదనాన్న వంక ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి కండువా విప్పాడు.

"నోట్లో ఏం పోశారు బాబూ?"

"ప్లాస్టరండి."

"సీలింగు పువ్వులకి పోస్తామే, ఆ తెల్లపొడేనా?"

"అదేనండి."

"మరి దాన్ని పట్టుకుని లాగుతారేంటండి? లాగితే గోడొచ్చుద్ది గాని అచ్చు రాదు," అన్నాడు మేస్త్రి. మూడేళ్ళ చదువులో అంత సూటిగా నాకెవరూ పాఠం చెప్పలేదు.

ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని, తన పనిసంచీలోంచి సన్నటి ఉలి ఒకటి తీసి దాన్నీ కడిగాడు. పెదనాన్నను వెలుతురులో కూర్చోబెట్టాడు. ముందు పళ్ళెం అంచున తాపీ పిడితో రెండు చిన్న దెబ్బలు వేశాడు. పళ్ళెం ఊడి నా చేతిలో పడింది, తెల్లటి ప్లాస్టరు మాత్రం లోపలే ఉంది. ఆ ప్లాస్టరుకు పంటికి అటూ ఇటూ ఉలితో గాట్లు పెట్టాడు. ఒక్కొక్క గాటులో ఉలి ఆనించి, పసిపిల్లాణ్ణి జోకొట్టినంత మెల్లగా తట్టాడు. టక్కున విరిగింది. ఒక ముక్క, రెండో ముక్క, మూడో ముక్క. తీసిన ప్రతి ముక్కనూ అరిటాకు మీద వరసగా పెట్టాడు.

"పారెయ్యమాకండి. అతికించుకుంటే మీ అచ్చు మీకుంటది," అన్నాడు నాతో.

నేను సినిమాకెళ్ళిన రోజున మా మాస్టారు చెప్పిన పాఠం అక్షరాలా ఇదేనని కాలేజీకి వెళ్ళాక తెలిసింది. గాటు పెట్టాలి, విరవాలి, బయట అతికించాలి. నందిగామ పెళ్ళిపందిట్లో నా క్లాసు నాకు మళ్ళీ జరిగింది.

నాలుగో ముక్క ఆఖరిది. అది వచ్చింది. దానిలో కూర్చుని కోరపన్ను కూడా వచ్చింది. నేను పొద్దుట్నుంచీ లాగిన లాగుడుకు అది ఎప్పుడో వదులైపోయినట్టుంది. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. పెదనాన్న ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఉమ్మి, దవడ అటూ ఇటూ ఆడించి చూసుకున్నారు. నేను కాళ్ళమీద పడడానికి వంగుతున్నాను.

"టైమెంతయింది?" అన్నారాయన.

నాలుగుకు ఐదు నిమిషాలుంది. చర్చి వీధి చివరే. పెళ్ళి సరిగ్గా వేళకు మొదలైంది. ప్రమాణాలు రెండువైపులా చెప్పించారు. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు, నేను అంతకంటే ఎక్కువ తుడుచుకున్నాను. తర్వాత ప్రసంగానికి లేచారు. నోరు పచ్చిపుండు, మాటను ఆపడానికి పైన ఒక్క పన్ను లేదు. ఇద్దరూ ప్రేమగా బతకండని, ఒకరి మాట ఒకరు వినండని చెప్పి, ఏడు నిమిషాల్లో కూర్చున్నారు. జనం నమ్మలేదు. ఇంకా ఉంటుందేమోనని అలాగే కూర్చుండిపోయారు. ఆయన చేత్తో లేవండని సైగ చేశాక లేచారు. ఆ చుట్టుపక్కల ఆయన చేసిన పెళ్ళిళ్ళలో పలావు వేడివేడిగా తినడం అందరికీ అదే మొదటిసారి. సంఘపెద్ద ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుని, చెవిలో మెల్లగా అడిగాడు.

"క్రిస్మస్ ఆరాధనకి కూడా ఆ ప్లాస్టరు డబ్బా తెస్తావా బాబూ?"

నేను నవ్వలేదు. పెదనాన్న భోజనం చేసినంతసేపూ నా వంక చూడలేదు. పప్పు, అన్నం మెత్తగా కలుపుకుని ఒక్కరే తింటున్నారు. పైనున్న ఒక్క పన్నూ పోగొట్టిన నన్ను ఏమన్నా పడదామని వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన చెయ్యి కడుక్కుని అడిగారు.

"ఈ చిగురు మానడానికి ఎన్నాళ్ళు పడుద్దిరా?"

"రెండు మూడు నెల్లు, పెదనాన్నా."

"అయితే క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మళ్ళీ తియ్యి కొలత. ఇప్పుడు అడ్డమొచ్చే పన్ను లేదుగా." పందిట్లో తిరుగుతున్న ఏసోబు వంక చూశారు. "ఎందుకైనా మంచిది, మేస్త్రిని కూడా రమ్మందాం."

ఆయన నవ్వారు. పైపళ్ళు లేని ఆ నవ్వు చూసి నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆ రోజు పెళ్ళికూతురితో పాటు ఆ పందిట్లో నేనూ ఒక ప్రమాణం చేశాను, నాకు తెలిసి ఈనాటివరకూ దాన్ని తప్పలేదు. దేవుని యెదుటను, కూడియున్న చదువరుల యెదుటను మరల చెప్పుచున్నాను: కలిమిలోను లేమిలోను, సెలవులలోను పరీక్షలలోను, పెళ్ళి జరిపించవలసిన వాని నోట పెళ్ళిరోజున ప్లాస్టరు పెట్టను, ఒంటిపన్ను గలవాని గుమ్మము తాపీమేస్త్రి తోడు లేక తొక్కను, మరియు క్లాసు ఎగగొట్టి సినిమాకు పోయినయెడల, ఆ దినమున చెప్పిన పాఠమేదో సాయంత్రమునకైనను ఎవరినైనను అడిగి తెలిసికొందును.