సబియా చెరిపేసిన చుక్కలు

నాయుడుపేట పక్కన రాడార్ పరికరాలు చేసే చిన్న కంపెనీలో సబియా డిజైన్ ఇంజనీరు. చిత్తూరు పిల్ల. మనిషి మంచిదే గానీ, తాను గీసిన గీత ఏ మాత్రం వంకర తిరిగినా ఓర్చుకోలేదు. ఆమెను ముంచింది ఆ గుణమే.

ఆమె పని ట్రాన్సిస్టర్‌ను రెసిస్టర్‌లాగా వాడటం. గేటు అనే దాని కొస మీద వోల్టేజీ మార్చే కొద్దీ ట్రాన్సిస్టర్ నిరోధం పెరుగుతుంది, తగ్గుతుంది. దాంతో మైక్రోవేవ్ సిగ్నల్‌ను కావలసినంత అణచవచ్చు. ఏ వోల్టేజీకి ఎంత నిరోధమో ముందే చెప్పే లెక్కను మోడల్ అంటారు. లెక్క సబియాది. దానికి కొలతలు తీసేది టెక్నీషియన్ మునిచంద్ర. చిప్ మీద వెంట్రుకంత సన్నటి సూదులు ఆనించి కొలవాలి. ల్యాబులో ఆ చెయ్యి అతనొక్కడికే ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త గర్వం కూడా.

ఈసారి కొలతల చుక్కలు గ్రాఫులో చక్కగా మోడల్ గీత మీద కూర్చున్నాయి, కొసన నాలుగైదు చుక్కలు తప్ప. ట్రాన్సిస్టర్ పూర్తిగా మూసుకున్నాక, పై ఫ్రీక్వెన్సీల దగ్గర అవి కిందికి జారిపోయాయి. సబియాకు చిరాకేసింది. సూది సరిగ్గా ఆనలేదులే అనుకుని, మళ్ళీ కొలిపించకుండానే వాటిని చెరిపేసింది. గీత అందంగా వచ్చింది.

ఆ మోడల్‌తో చేసిన బోర్డు పరీక్షలో తప్పింది. తలుపు మూసినా సందులోంచి గాలి దూరినట్టు, మూసిన ట్రాన్సిస్టర్‌లోంచి సిగ్నల్ కారిపోతోంది. పై ఫ్రీక్వెన్సీల్లో అది ఉత్త రెసిస్టర్ కాదు, వేగంగా మారే సిగ్నల్‌ను దాటనిచ్చే కెపాసిటర్ కూడా. ఆ చుక్కలు చెప్పిందీ అదే.

"మోడల్ యాడ తప్పింది సబియా?" అని మీటింగులో మేనేజరు రఘునాథ్ అడిగాడు.

"ఆ పొద్దు సూది సరిగ్గా ఆనలేదు సార్."

నోరు జారాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. అందరూ మునిచంద్ర వైపు తిరిగారు. అతను తల దించుకున్నాడు.

"మేడమ్ చెప్పినారంటే అదే అయ్యుంటాది సార్. నేనే సరిగ్గా పెట్టలేదేమో."

సబియాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం రఘునాథ్ గదికి వెళ్ళి చెప్పేసింది.

"కొలతలు కరెక్టే సార్. చుక్కలు చెరిపేసింది నేనే. మోడల్లో కెపాసిటర్ పెట్టలేదు."

రఘునాథ్ నవ్వాడు. "నీది మెత్తని మనసమ్మా. ఆ పిల్లోడి ఉద్యోగం పోతాదని నీ నెత్తిన వేసుకుంటా ఉండావు. పోనీలే, వాణ్ణి ఏమీ అనను."

ఇంతకన్నా తిడితే బాగుండేది. మళ్ళీ కొలిచి చూపిస్తే గానీ నమ్మడు. కొలవాలంటే మునిచంద్రే కావాలి. మర్నాడు పొద్దున్నే అతని దగ్గరికి వెళ్ళింది.

"నా కోసరం అబద్ధం చెప్పినారంట. సార్ చెప్పినాడు. మీ మేలు మర్చిపోలేను మేడమ్."

"అబద్ధం కాదు మునిచంద్రా. నీ కొలతే నిజం. తప్పు నాది. సూదులు పెట్టు, ఇద్దరం కొలిచి చూపిద్దాం."

మునిచంద్ర చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంకెవురితోనన్నా పెట్టించండి మేడమ్. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."