దేవుడి గూట్లో ఫోన్

మా ఇంటాయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాక, చనిపోయిన వారెవరిదైనా కిడ్నీ సరిపోతే కబురు చేస్తామని ఆసుపత్రివాళ్లు పేరు రాసుకున్నారు. రాసుకున్న నంబరు ఒక్కటే, నా చిన్న బటన్ల ఫోన్‌ది. ఎత్తకపోతే వరసలో తర్వాతివాళ్లను పిలుస్తామని ముందే చెప్పారు. ఆ రోజు నుంచి అది నా రొంటిని వదల్లేదు.

ఉప్పుగూడలో మాకు నాలుగు బర్రెలు. పాలు పిండుతుంటే ఒకసారి ఫోన్ పేడలో పడింది. అప్పటి నుంచి ఆ కాసేపు దేవుడి గూట్లో పెట్టి, దీపం వెలిగించి, పిలుపు రావాలని మొక్కేదాన్ని. ఆయనకది నచ్చేది కాదు.

"దేవుని ముంగట పెట్టి ఏం అడుగుతున్నవే? ఎవడన్న సస్తేనే గది మోగేది," అన్నాడొకసారి.

నేను వినలేదు.

ఒక పొద్దున పాలు పిండి వచ్చేసరికి ప్రమిద ఒరిగిపోయి, నూనెంతా ఫోన్‌లోకి దిగి ఉంది. తుడిచాను, ఎండలో పెట్టాను, ఎంత నొక్కినా వెలగలేదు. సిమ్ కార్డు తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేస్తే ఒక్క గీత సిగ్నల్ కూడా రాలేదు. నా బటన్ల ఫోన్ కొన్నప్పుడు, ఇందులో మా కంపెనీ కార్డే పనిచేస్తుంది, తాళం వేసి అమ్ముతాం అన్నారు. అయితే కార్డుకూ తాళమే, ఈ ఫోన్‌లో తప్ప ఎందులోనూ పలకదు అనుకున్నాను. పక్కింటామె గడపలో కూర్చుని పెద్ద ఫోన్ చూసుకుంటోంది. ఆమెను దాటుకునే వెళ్లి ఆటో ఎక్కాను.

చాంద్రాయణగుట్టలో కంపెనీ షాపువాళ్లు, వదిలి వెళ్లండి, ఎనిమిది రోజులకు వేరేది వస్తుందన్నారు. ఎనిమిది రోజులు ఆగే పని కాదని ఎంత చెప్పినా లైనులో వెనకున్నవాళ్లను పిలిచారు. ఫోన్ తీసుకుని బయటపడ్డాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఫ్లైఓవర్ పక్కనే రిపేరు కొట్టు కనబడింది. అందులో బార్కస్ నుంచి వచ్చే పెద్దాయన కూర్చుంటాడు. ఫోన్ విప్పి వాసన చూశాడు.

"ఏందమ్మా, దీనికి నువ్వుల నూనె తాపినవా?"

నాకు నవ్వు రాలేదు. ఉన్నదంతా చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కార్డు ఇమ్మని, తన ఫోన్‌లోది తీసి నాది వేశాడు. నేను తాళం సంగతి చెప్పబోయాను.

"తాళం ఫోన్‌కే అమ్మా, కార్డుకు లేదు. మీ పాత ఫోన్‌కు ఈ సిగ్నల్ అందదు, గంతే. ఎవ్వరి పెద్ద ఫోన్ల ఏసినా మోగుతుండె."

ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్‌లో మెసేజ్‌లు మోగాయి. ఒకటి, రెండు, మూడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు, ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. పొద్దటి నుంచి ఒకే నంబరు మూడుసార్లు పిలిచిందని మెల్లగా చెప్పాడు. తనే ఆ నంబరుకు కలిపి నా చేతికిచ్చాడు.

అవతల ఆసుపత్రిలో ఒక ఆడపిల్ల. పేరు చూసి చెబుతానంది. కాసేపటికి, మేము దొరకలేదు గనక ఆ కిడ్నీకి తర్వాతివారిని పిలిచామని, వాళ్లు వచ్చేశారని, మా పేరు వరసలోనే ఉంటుందని చెప్పింది. గొంతులో కోపం లేదు.

నాది బాగుచేసేదాకా వాడుకోమని ఆ పెద్దాయన ఒక పాత పెద్ద ఫోన్‌లో కార్డు వేసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఇంటాయన కొట్టం పక్కన మంచం మీద ఉన్నాడు. మర్నాడు డయాలసిస్. కాళ్లు బాగా ఉబ్బాయి.

"ఫోన్ గిట్ట వచ్చిందా?"

"రాలే," అన్నాను.

కళ్లు మూసుకున్నాడు. ముఖం తేలికపడింది.

"మంచిదే తియ్. అయితే ఇయ్యాల ఎవ్వలు పోలే."

సాయంత్రం దీపం పెట్టాను. చేతులు జోడించాను గానీ ఏం మొక్కాలో తోచలేదు. ఫోన్ రొంటిలోనే ఉంది.