పారిస్ నుంచి లండన్‌కు పావుగంట

విమానం ఎక్కకుండానే కూలిపోయినవాడిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే.

నా తోడల్లుడు మురళికి మద్రాసు పక్కన అంబత్తూరులో లేత్ వర్క్‌షాపు ఉంది. ఆ మధ్య భార్యతో పారిస్, లండన్ చూడటానికి సిద్ధమయ్యాడు. సంతోషమే. కాకపోతే ఆ సంతోషం నా గొంతులో చేపముల్లులా అడ్డుపడింది. నేను మా ఆవిడకు చూపించిన దూరదేశం తిరుత్తణి. అదీ పెరంబూరులో లోకల్ రైలెక్కి, నిలబడి.

ఆ ఆదివారం పురసవాక్కంలో మా అత్తగారింట్లో భోజనాలు. మురళి ఫోన్‌లో టికెట్లు చూపిస్తుంటే మా ఆవిడ కళ్ళకద్దుకునేంత దగ్గరగా చూస్తోంది. ఫోన్ లాక్కుని తప్పు కోసం వెదికాను. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. అది మెడకు కూడా చుట్టుకుంటుందని అప్పటికి తెలియదు.

"పారిస్‌లో తొమ్మిదికి ఎక్కి లండన్‌లో తొమ్మిదింబావుకి దిగుతావా మురళీ?"

"అవునన్నా, అట్లనే ఉండాది."

"పావుగంటలోనా! ఈడ్నించి మీ అంబత్తూరుకే ముప్పావుగంట. ఆ రెండూళ్ళ మధ్య దూరం మన మద్రాసుకీ బెంగుళూరుకీ ఉన్నంత. నడాన సముద్రం వేరే! అది విమానమా, రాకెట్టా? నిన్నెవరో ఏమార్చినారబ్బా. దొంగ టికెట్టు!"

మురళి భార్య సుధ ముఖం వాడిపోయింది. "నిజంగానా బావా?"

అత్తగారు మాత్రం పెళ్లయిన ఇన్నేళ్ళలో తొలిసారి నావైపు గౌరవంగా చూశారు. "ఇంట్లో తెలివైన అల్లుడు ఒకడన్నా ఉండాలబ్బా," అంటూ నా ఆకులో ఇంకో అప్పడం వేశారు. అది నమిలే చప్పుడులో బుద్ధి చెప్పే మాట వినబడలేదు.

"ఆలోచించేదేంది? ముందు క్యాన్సిల్ చెయ్!" అన్నాను. మురళి చేసేశాడు.

తర్వాత ట్రావెల్స్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. నేనే విరుచుకుపడ్డాను. "ఏమ్మా, పావుగంటలో లండన్‌కు ఎట్ల పోతారు?"

"సార్, లండన్ టైము పారిస్ కంటే గంట వెనకాల. తొమ్మిదింబావు ఆడి టైము. ప్రయాణం గంటంబావు సార్. మీరు క్యాన్సిల్ చేసిన సీట్లు మళ్ళా రావు, ఆ రోజుకి ఇంక వేరే విమానంలోనూ సీట్లు లేవు."

అందరూ నన్నే చూశారు. అత్తగారి చెయ్యి నా ఆకు వైపు కదిలింది. మిగిలిన అప్పడం ముక్క గబుక్కున నోట్లో వేసుకున్నాను.

పైకి తల దించుకున్నాను. లోపల మాత్రం, మీ దగ్గర దాపరికమెందుకు, చిన్న మతాబా వెలిగింది. లండన్ ఇక లేనట్టే కదా!

వాళ్ళు తిరిగొచ్చాక చాక్లెట్లతో మా ఇంటికొచ్చారు. మురళి నా చేతులు పట్టుకున్నాడు. "అన్నా, అంతా నీ పుణ్యం! విమానం పోతే రైలెక్కితిమి. సముద్రం అడుగున పొయ్యే రైలు! పారిస్ నడిబొడ్డున ఎక్కి లండన్ నడిబొడ్డున దిగితిమి."

"విమానం ఎవురైనా ఎక్కుతారు బావా," అంది సుధ.

"సముద్రం కిందనా!" అని మా ఆవిడ కూలబడింది.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరొకరి టికెట్టు కన్నెత్తి చూడను, ఒకరి ప్రయాణం చెడగొట్టను. నేను చెడగొడితే అది ఇంకా బాగుపడుతోంది.